కాసులమ్మ ఓడిన పందెం

నెత్తిన గంప మోసే మనిషిని ఆపాలంటే కాళ్ళు కట్టెయ్యక్కర్లేదు. గంప ఎత్తడానికి సాయం పట్టే చెయ్యి లేకుండా చేస్తే చాలు. నిండా చేపలున్న గంపని నేల మీది నుంచి సొంత నెత్తికి ఒక్కరే ఎత్తుకోలేరు. ఎదుట నిలబడి ఇంకొకరు అంచు పట్టాలి. నేను దేశంలో చాలా భాగం కాలినడకన తిరిగినవాణ్ణి, తిరగనిదాన్ని పుస్తకాల్లో చదివినవాణ్ణి. అయినా ఇంత చిన్న సంగతి అరవయ్యేడేళ్ళు వచ్చేదాకా నా బుర్రకి తట్టలేదు. కాసులమ్మ కొడుకు గణేష్‌కి మాత్రం బాగా తెలుసు.

కాసులమ్మది జాలారిపేట. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వన్ టౌన్ సందుల్లోకి వచ్చేది. అలా ముప్పై రెండేళ్ళు వచ్చింది. మొదట్లో భర్త తెప్ప మీద తెచ్చిన చేపలు, ఆయన పోయాక మరబోట్ల చేపలు. నేను వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. నన్ను మేస్టారూ అని పిలిచేది. నేను జన్మలో ఎవరికీ పాఠం చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఏం పని చేస్తాడో తెలియని ప్రతి మగవాడూ ఆమె లెక్కలో మేస్టారే.

తొంభై ఏడు నవంబరులో హార్బరు నేల మీద చేపల నీళ్ళకి కాలు జారి పడింది. కుడి మోకాలు బూరెలా పొంగింది. రెండు నెలలు కట్టు. కట్టు విప్పిన డాక్టరు ఇక బరువులు మొయ్యొద్దన్నాడు. డాక్టర్లు అంతే. నన్ను కూడా పదేళ్ళ కిందట ఒకాయన ఎక్కువ నడవొద్దన్నాడు; ఆయన నాకంటే ముందే చేతికర్ర పట్టాడు.

గణేష్ మరబోటు డ్రైవరు. చెడ్డవాడు కాదు. తల్లి మళ్ళీ పడితే లేవదని భయం. చెబితే వినదని తెలుసు. అందుకని తల్లికి చెప్పడం మానేసి హార్బరుకి చెప్పాడు.

"మాయమ్మ గంపకి ఎవులు సెయ్యేసినా సరే, మా బోటు సేప ఆలకి అమ్మం. ముందే సెప్తన్నాను, తరవాత నన్ననొద్దు!" అని పాట దగ్గర ఆడవాళ్ళందరూ వినేలా అరిచాడు.

ఆ బోటుకి మంచి చేప పడేది. దాన్ని వదులుకోవడం ఎవరికీ కుదరదు. జనవరి చివర్లో కాసులమ్మ హార్బరుకి వెళ్ళి గంప నింపుకుంది. తలగుడ్డని చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. దాన్ని చుట్టకుదురు అంటారు, గంప దాని మీద కూర్చుంటుంది. "ఒలే, ఓ సెయ్యెయ్యే" అని పక్కామెని పిలిచింది. పక్కామె కొంగు సర్దుకుంటూ అటు తిరిగింది. ఇంకొకామెకి ఉన్నట్టుండి బోటులో ఎవరో కనిపించారు. ఏడెనిమిది మందిని అడిగింది. చివరికి కొన్న చేపల్ని అక్కడికక్కడే ఇంకొకరికి ఇచ్చేసి, ఖాళీ గంప చంకన పెట్టుకుని సరాసరి మా మేడ మెట్ల మీదికి వచ్చి కూర్చుంది.

"కొట్టినా ఊరుకుందును మేస్టారూ. సెయ్యివ్వకపోడం ఏటి? నాను ఎంతమంది గంపలు ఎత్తినాను! కడుపుతో ఉన్నప్పుడు కూడా ఎత్తినాను."

ఏడవలేదు. తిట్టింది. మొదట కొడుకుని, తర్వాత కోడలు దేవిని, ఆ తర్వాత ఏ సంబంధమూ లేని పోర్టువాళ్ళని. అన్నీ అయ్యాక మంచినీళ్ళు తాగి, "నానొగ్గను" అంది.

ఆమె వదలదని గణేష్‌కీ తెలుసు. అందుకే ఆమెని తన మేనమామ దగ్గరికి పంపే ఏర్పాటు చేశాడు. మేనమామ అర్జునరావు ముప్పయ్యేళ్ళ కిందట అండమాన్ వెళ్ళి చేపల వేటలో స్థిరపడ్డాడు. మన తీరం నుంచి అలా వెళ్ళినవాళ్ళు అక్కడ చాలామంది. పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగితే మన తిట్లు మన యాసలోనే వినబడతాయి. విశాఖ పోర్టు నుంచి ఆ దీవులకి ఎప్పుడో ఒకసారి ఓడ వెళుతుంది. ఆ ఓడ ఎక్కాలని నాకు ఇరవయ్యేళ్ళుగా కోరిక. తోడు వెళతానన్నాను.

"అమ్మని ఓ కంట కనిపెట్టండి మేస్టారూ. నెల్రోజులు రెస్టు తీసుకుంటే అదే మరిసిపోతాది" అన్నాడు గణేష్, పోర్టు గేటు దగ్గర.

కాసులమ్మ ఓడ నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టి నన్నడిగింది.

"రెస్టంటే ఏటి సెయ్యాల మేస్టారూ?"

"ఏమీ చెయ్యకూడదు."

"ఏటీ సెయ్యకపోడానికి సముద్రం దాటాలా? మా ఇంటికి అరుగు నేదా?"

ఓడ మీద మూడు రాత్రులు. పాతకాలపు నావికుల రాతలు చదివితే ఒక తమాషా కనిపిస్తుంది. వాళ్ళెవరూ సముద్రం అందంగా ఉందని రాయరు. ఇక్కడ ఇన్ని బారల లోతు, అడుగున ఇసక, లేదా బురద, లేదా గవ్వ, అని రాసుకుంటూ పోతారు. అందం అనేది తీరిక ఉన్నవాళ్ళు తర్వాత తెచ్చి పెట్టిందని నా అనుమానం. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి జరిగిపోయి, నీళ్ళు నల్లని నీలంలోకి తిరిగాక, జనమంతా కమ్మీల దగ్గర చేరి రంగు చూడండి రంగు చూడండి అంటుంటే కాసులమ్మ మాత్రం "ఇక్కడ వలేస్తే అడుక్కి తగులుతాదంటారా?" అని అడిగింది. పాత నావికులు విని ఉంటే ఆమెని పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు.

ఓడలోనే స్టీల్ ప్లాంటు ఫోర్‌మన్ శ్రీనివాసరావుగారూ, ఆయన భార్య రోజారమణీ పరిచయమయ్యారు. ఎల్టీసీ మీద వెళుతున్నారు. ఆయన దగ్గర కెమేరాకి ఒక సంచీ, దుర్భిణీకి ఒక సంచీ, మందులకి ఒక సంచీ ఉండేవి. ఆవిడ ఓడ ఎక్కిన గంటకి వాంతులతో పడుకుంటే కాసులమ్మ ఎండుమిరపకాయ కాల్చిన ఉప్పు గంజి తాగించి రెండో పూటకి లేపి కూర్చోబెట్టింది. అప్పట్నుంచి రోజారమణి ఆమె కొంగు పట్టుకునే తిరిగింది.

దీవిలో దిగిన వారానికి కాసులమ్మకి పిచ్చెక్కినంత పనైంది. అర్జునరావు ఇంట్లో ఆమెని చీపురు కూడా ముట్టనివ్వలేదు. ఆయన కొడుకు వీరేంద్ర పాతికేళ్ళవాడు, అక్కడే పుట్టాడు, చేపల వేట మానేసి టూరిస్టులకి దారి చూపిస్తున్నాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి గంటన్నర పడవ ప్రయాణంలో ఒక చిన్న దీవి ఉంది. దాని ఒడ్డు వెంబడి కొస దాకా ఐదు కిలోమీటర్ల నడక. ఆ దీవి పేరు నేను రాయను. రాస్తే అక్కడికి చిప్స్ పొట్లాలు చేరతాయి. వీరేంద్ర శ్రీనివాసరావు దంపతుల్నీ నన్నూ అక్కడికి తీసుకెళ్ళే మాట నడుస్తుండగా కాసులమ్మ "నానూ ఒత్తాను" అంది.

వీరేంద్ర పడీ పడీ నవ్వాడు. "అత్తా, అది పూర్ణా మార్కెట్టు కాదు. రాళ్ళు. రానూ పోనూ పది కిలోమీటర్లు. నీ కాలు ఊడి సేతికొత్తాది."

"నా కాలు నా సేతికే కదరా వచ్చేది, నీ సేతికి కాదుగా."

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతులోంచి గణేష్‌తో మాట్లాడుతూ వీరేంద్ర ఈ సంగతి జోకులా చెప్పాడు. అవతల గణేష్ నవ్వలేదు. పేటలో అందరికీ ఫోన్లు వచ్చే పీపీ నంబరు కొట్టులో నిలబడి ఒక్క నిమిషం ఆలోచించినట్టున్నాడు. తర్వాత పందెం వేశాడు. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కొస దాకా నడిచి, తిరిగి నాలుగింటి పడవ అందుకుంటే, హార్బరులో తన ఆంక్ష తీసేస్తాడు. అందుకోలేకపోతే ఇక జన్మలో గంప ఊసెత్తకూడదు. మేస్టారు సాక్షి.

పక్కనే వింటున్న కాసులమ్మ వీరేంద్ర చేతిలోంచి రిసీవరు లాక్కుంది. "ఒప్పుకున్నాన్రా" అని పెట్టేసింది.

మర్నాటి పడవ మమ్మల్ని ఆ దీవి మీద దింపేటప్పటికి ఎనిమిదిన్నర. రేవు దాటగానే తెల్లటి ఇసక, దాని మీదికి వాలిన బాదం చెట్లు, పొన్న చెట్లు, శంఖాల్లో కాపురముండే పీతలు మా అడుగుల చప్పుడికి ఆగిపోవడం. నీళ్ళు ఒడ్డు దగ్గర ఆకుపచ్చగా, పగడపు దిబ్బ అంచున ఉన్నట్టుండి ముదురు నీలంగా ఉన్నాయి. శ్రీనివాసరావుగారు ప్రతి పది గజాలకీ ఒక ఫొటో తీశారు. కాసులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఇంత సముద్రం ఎట్టుకుని ఒక్క వలా నేదు. సోమరిపోతులు" అంది.

ఇసక మీద బాగానే నడిచింది. తర్వాత రాళ్ళొచ్చాయి. కొండ ఒకటి సముద్రంలోకి ముక్కులా దిగుతుంది. దాని అడుగున నల్లరాతి పలక మీదుగా దారి. అప్పుడు నీళ్ళు బాగా తీసేసి ఉన్నాయి, పలక ఆరిపోయి ఉంది. దాని మీద కాసులమ్మ రెండు సార్లు తూలింది. రెండోసారి చెయ్యి ఆనించి ఆగింది. కుడి మోకాలు గజగజలాడుతోంది. నేను కొట్టుకుపోయిన పందేలు చాలా చూశాను. ఇదీ పోయిందనుకున్నాను.

"అత్తా, ఇక్కడే కూకో. మేం ఎల్లొచ్చేత్తాం. నాను బావకి మెల్లగా సెప్తాను" అన్నాడు వీరేంద్ర. ఎగతాళిగా అనలేదు, నిజంగానే జాలిపడ్డాడు. అది ఆమెకి ఎగతాళి కంటే ఎక్కువ తగిలింది.

"నీ సేతిలో అదేటి?"

"బుట్ట. మన భోజనాలు."

"ఇలా తే. ఫోర్‌మన్ బాబూ, తమ సంచీలు కూడా ఇందులో పడెయ్యండి. నీళ్ళ డబ్బా కూడా."

"మతి పోయిందేటత్తా? ఉత్తినే నడవలేక పోతంటే బరువా?"

"ఉత్తినే గాబట్టే నడవలేకపోతన్నాను. ముప్పై రెండేళ్ళు నెత్తి మీద బరువుతో నడిసినాను. బరువుంటే మెడ నిలబడతాది, మెడ నిలబడితే నడుం నిలబడతాది. నెత్తి ఖాళీ అయితే కాలికి ఏ పక్క ఎయ్యాలో తెల్దు. ఎత్తు!"

వీరేంద్ర బుట్ట నింపాడు. ఎత్తలేదు. "గణేష్ బావ వద్దన్నాడు. నీ గంపకి నాను సెయ్యెయ్యను."

ఎనిమిది వందల మైళ్ళ సముద్రం దాటినా కొడుకు మాట ముందే వచ్చి కూర్చుంది! కాసులమ్మ ముఖం అప్పుడు చూడాలి. చుట్టకుదురు చుట్టి నెత్తిన పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా, బుట్ట ముందు రాయిలా నిలబడింది. ఈ గొడవేమీ పట్టించుకోని రోజారమణి "నేను పట్టుకోనా అమ్మా?" అంటూ వచ్చి ఒక అంచు పట్టింది. ఒక్క ఊపు. బుట్ట నెత్తికెక్కింది.

కాసులమ్మ ఒక క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నడిచింది. చేతులు వదిలేసి, మెడ తిప్పకుండా, కళ్ళతో కాదు, అరికాళ్ళతో రాయిని చూసుకుంటూ. గాడిద అడుగుల్లాంటి నా అడుగులు, బూట్లు వేసుకున్న ఫోర్‌మన్‌గారి అడుగులు ఆ పలక మీద సిగ్గుపడ్డాయి. దాటేశాక వెనక్కి చూడకుండానే కేక వేసింది.

"ఏరా అల్లుడూ, కాలు సేతికొచ్చిందేటి?"

కొసకి పన్నెండుకి చేరాం. మూడు వైపులా సముద్రం. గాలికి మొగలి పొదలు ఒకే వైపు దువ్వినట్టున్నాయి. రాళ్ళ మధ్య మడుగులో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే చేపల నీడలు చేపలకంటే ముందు కనిపించాయి. పులిహోర, వేయించిన చేప తిన్నాం. రోజారమణి మడుగులో దిగి చిన్నపిల్లలా ఆడింది. నేను పొన్న చెట్టు కింద ఒరిగాను.

వీరేంద్ర ఒంటిగంటకి లేచి నిలబడ్డాడు. "బయల్దేరాల. ఆలస్యమైతే ముక్కు కాడ నీరొచ్చేత్తాది."

కాసులమ్మ కాళ్ళు చాపుకుని సముద్రం వైపు చూస్తోంది. చేతిలో పని లేదు, అమ్మాల్సింది లేదు, ఎవరూ పిలవడం లేదు. బహుశా పుట్టాక మొదటిసారి నీళ్ళ రంగు చూస్తోంది.

"కూకోరా. ఈయేళ అష్టమి. అష్టమి నాడు సముద్రానికి బద్దకం. పోటు లేచినా మోకాలు దాటదు."

"ఇక్కడ అలా కాదత్తా..."

"ఓరి నీ! పుట్టి బుద్దెరిగి సముద్రం ఒడ్డునున్నాను. మా బాబు తిథి సెప్పి నీరెంత లేత్తాదో సెప్పీవోడు. ఈ గుంటడొచ్చి నాకు పోటు సెప్తన్నాడు!"

మేనత్త మాట. వాడు కూర్చున్నాడు. నేను కూడా ఆమె పక్షమే వహించాను, నిద్ర మానుకోవడం ఇష్టంలేక. రెండు గంటలదాకా కూర్చున్నాం. "రెస్టంటే ఇదేనేటి మేస్టారూ? బాగానే ఉంది" అంది లేస్తూ.

విశాఖ ఒడ్డున అయితే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అష్టమి, నవములకి మన సముద్రం పెద్దగా కదలదు. అక్కడిది మాత్రం మన సముద్రం కాదు. బల్లపరుపు పగడపు దిబ్బ మీద జానెడు నీరు లేచినా దారంతా మునిగిపోతుంది. పైగా లేచింది జానెడు కాదు. మేం ముక్కు దగ్గరికి వచ్చేటప్పటికి నల్లరాతి పలక లేదు. నడుం లోతు నీళ్ళు కొండకి కొట్టి వెనక్కి లాగుతున్నాయి.

వీరేంద్ర చేతిగడియారం చూశాడు. మూడుకి పది నిమిషాలు తక్కువ.

కాసులమ్మ ఒక అల చూసింది. రెండో అల చూసింది. మూడోది చూశాక వీరేంద్ర వైపు తిరిగింది. "నీ మాటే రైటురా. తప్పు నాది." అంత మాట అని, వెంటనే సముద్రం మీద విరుచుకుపడింది. "సిగ్గునేని సముద్రం! తిథీ నేదు, వారమూ నేదు. ఇలాంటిదాని ఒడ్డున మా యన్న ముప్పయ్యేళ్ళు ఎలాగున్నాడో!"

"ఆరింటికి గానీ దారి తేలదు. అప్పటికి చీకటి" అన్నాడు వీరేంద్ర. "లేదంటే కొండెక్కి అటు దిగాల. కలప దింపే పాత దారుంది. గంట పైన పడతాది. బాగా నిట్ట."

శ్రీనివాసరావుగారు ఆగిపోదామన్నారు. అది తెలివైన మాట, నాకు నచ్చింది కూడా. కాసులమ్మ అప్పటికే చుట్టకుదురు సర్దుకుంటోంది.

"మేస్టారూ, తమ సంచీ కూడా ఇలాగ పడెయ్యండి."

"నా సంచీ నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు కాసులమ్మా."

"ఇప్పుడిత్తారు. ఆ కొండకి రెండు సేతులూ గావాల తమకి."

ఇచ్చాను. నలభయ్యేళ్ళు హిమాలయాల్లో, మధ్య భారతం అడవుల్లో ఎవరికీ ఇవ్వని సంచీ. బుట్ట నిండింది. రోజారమణి ముందుకొచ్చేలోగా వీరేంద్ర వచ్చి ఎదుట నిలబడ్డాడు. వంగి రెండు చేతులా పట్టి ఎత్తాడు.

ఆ కొండ గురించి ఎక్కువ రాయను. చెట్ల వేళ్ళు పట్టుకుని ఎక్కాం, ముళ్ళకి చొక్కాలు ఇచ్చుకున్నాం. నేను మూడుచోట్ల కూర్చున్నాను. ఫోర్‌మన్‌గారు ఫొటోల మాట మరిచారు. ముందు వీరేంద్ర కత్తితో తీగలు నరుకుతూ, వెనక కాసులమ్మ నిటారుగా, అడుగు తర్వాత అడుగు. ఎక్కడం కంటే దిగడం ఆమెకి కష్టమైంది. పక్కవాటుగా తిరిగి, కుడి కాలు మడవకుండా, ఒక్కొక్క రాయి మీదికీ జారింది. మోకాలు ఉబ్బడం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్కసారి చెయ్యి అందించాను. "పందెం మేస్టారూ!" అని గద్దించింది. సాక్షి కూడా మోసం చెయ్యబోయాడు.

చెట్లలోంచి బయటపడి ఇసక మీద కాలు పెట్టేటప్పటికి నాలుగుంపావు. పడవ రేవు వదిలి రెండు వందల గజాలు వెళ్ళిపోయింది. శ్రీనివాసరావుగారు తువ్వాలు ఊపుతూ కేకలు పెట్టారు. ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

కాసులమ్మ బుట్ట దించుకుని, రేవు మెట్టు మీద కూర్చుని, కాలు చాపుకుంది. వీరేంద్ర ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అత్తా, నాలుగింటి పడవ అందిందనే సెప్తాను. బావకేం తెలుత్తాది? మేస్టారూ ఏటీ అనరు."

నేను నిజంగానే ఏమీ అనకపోదును. ఆమె వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"గెలిసినట్టు అబద్దమాడితే, నడిసింది కూడా అబద్దమైపోతాదిరా ఎదవా."

అక్కడి వేటగాడొకడు తన చిన్న పడవలో మమ్మల్ని పొద్దుగూకే వేళకి పోర్ట్ బ్లెయిర్ చేర్చాడు. అర్జునరావు వేణ్ణీళ్ళు కాచి మోకాలికి పెడతానన్నా వినకుండా ఆమె ముందు ఎస్టీడీ బూతుకి నడిచింది. వీరేంద్ర నంబరు తిప్పి ఇచ్చాడు. బూతు తలుపు తెరిచే ఉంది. గణేష్ గొంతు కూడా బయటికి వినబడేంత గట్టిగా వాళ్ళిద్దరూ అరుచుకున్నారు. సముద్రం మీద పనిచేసే వాళ్ళకి మెల్లగా మాట్లాడడం రాదు.

"పందెం ఓడిపోనాన్రా. పోటు లెక్క తప్పీసినాను. పడవ ఎల్లిపోయింది."

"పోన్లే అమ్మా" అన్నాడు గణేష్. గొంతులో గెలిచిన ఆనందం కూడా లేదు పాపం. "దెబ్బలేం తగల్నేదు కదా? ఇంక ఇంట్లో కూకో."

"ఓడ దిగిన మర్నాడు గంపెత్తుతాను."

"ఓడిపోనానన్నావు కదే!"

"ఓడిపోయింది పందెం. మోకాలు కాదు. ఐదు మంది సంచీలు ఎత్తుకుని కొండ దాటినాను. మేస్టారు సంచీలో పుస్తకాలే ఉన్నాయి, రాళ్ళ కంటే బరువు."

"మాట తప్పుతావేటి?"

"తప్పుతాను. నలుగురిలో తప్పుతాను, నువ్వొచ్చి సూడు." పెట్టేసింది.

మాట తప్పడం గురించి నీతిశాస్త్రాల్లో చాలా రాశారు. రాసినవాళ్ళ నెత్తి మీద ఎప్పుడూ గంప లేదు కాబట్టి వాళ్ళ తీర్పు నేను తీసుకోదలుచుకోలేదు.

ఓడ విశాఖలో మమ్మల్ని దింపిన మర్నాడు తెల్లవారుజామున నేను హార్బరుకి వెళ్ళాను. కాసులమ్మ అప్పటికే పాట ముగించి, ఇద్దరిని తిట్టి, కానాగడత చేపలతో గంప నింపుకుని కూర్చుంది. మోకాలికి పాత చీర పీలిక గట్టిగా చుట్టుకుంది. సంగతి అంతా పేటకి తెలిసిపోయింది. ఆడవాళ్ళు పని చేసుకుంటున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నారు. గణేష్ తన బోటు మీద వల సర్దుతున్నాడు, ఇటు చూడటం లేదు.

పైడితల్లి అనే ఒక ముసలామె తన గంప పక్కన పెట్టి గబగబా వచ్చింది. "లేయే కాసులూ, నానెత్తుతాను. ఈ బోటు సేప కాకపోతే ఇంకో బోటు సేప. ఆడేటి, సముద్రాన్ని కొనీసినాడేటి?"

"నువ్వొద్దు."

"అయ్యో, ఎత్తమని నువ్వే కదే అడిగినావు అప్పుడు!"

"అప్పుడు అడిగినాను. ఇప్పుడు ఎవులెత్తినా నానొప్పను. ఆపినోడే ఎత్తాల." ఆ చివరి ముక్క బోటుకి వినబడేలా అంది.

పైడితల్లి బుగ్గన వేలేసుకుంది. ఓడిపోయిన మనిషి గెలిచినవాడి కంటే పెద్ద షరతు పెట్టడం ఆ హార్బరు ఎప్పుడూ చూసినట్టు లేదు. ఎండ రేకుల కప్పు మీదికొచ్చింది. గంపలో ఐసు కరిగి నేల మీదికి కారుతోంది. ఇంకో అరగంట పోతే ఆ చేపలు వన్ టౌన్‌లో ఎవరూ కొనరు. ఆ సంగతి ఆమెకి తెలుసు, కొడుక్కీ తెలుసు. బోటు మీది కుర్రాళ్ళు "ఎల్లు డ్రైవరూ, ఎల్లు" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆమె చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, లేచి నిలబడి, దూరంగా లంగరేసిన ఓడల్ని చూస్తూ ఉంది.

గణేష్ వల విసిరికొట్టి బోటు దిగాడు. ఎదురుగా వచ్చి గంప వైపు చూసి, "ఇంత నిండా ఏటి పెట్టావే?" అంటూ వంగి నాలుగు చేపలు తీసి పక్కన పెట్టాడు.

"అవి అందులో ఎట్టు."

"మోకాలు..."

"ఎట్టరా."

నాలుగు చేపలూ మళ్ళీ గంపలో పెట్టాడు. రెండు చేతులా అంచులు పట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, ఎత్తాడు.